కాటికాపరి కోసం ఎవరేడ్చారు? (పాత సినిమాలు, మా ఇంటి తెర: 7వ భాగం)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, పాత సినిమాల్ని ఇంతలా ఉతికి ఆరేస్తున్నావు. మరి రోజూ రాత్రి అవే ఎందుకు చూస్తావు?" న్యాయమైన ప్రశ్నే. ఇష్టం కాబట్టి చూస్తాను తమ్ముడూ. ఇష్టం లేనిదాని మీద ఇన్ని పేజీలు ఎవరు రాస్తారు? ఆ నలుపు తెలుపు బొమ్మ, ఆ స్పష్టమైన మాట, పాటకు ముందు ఒక్క క్షణం ఆగే నిశ్శబ్దం, ఇవంటే నాకు ప్రాణం. అయితే ఇష్టమైనవాళ్లతోనే కదా లెక్కలు తేల్చుకునేది.

ఈ భాగం రాయించింది మా అమ్మ. రెండు వారాల కిందట ఆదివారం రాత్రి ఫోన్‌ని టీవీకి కలిపి 'సత్య హరిశ్చంద్ర' పెట్టాను. 1965లో కె.వి. రెడ్డి తీసింది, ఎన్టీఆర్ హరిశ్చంద్రుడు. అమ్మ మంచం మీద, నేను కింద చాప మీద. కాటి సీను వచ్చింది. రాజ్యం పోయి, ఆలిని అమ్ముకుని, చివరికి తనను తాను అమ్ముకున్న చక్రవర్తి కాటికాపరిగా నిలబడ్డాడు. నా కళ్లు చెమర్చాయి. చిన్నప్పటి నుంచీ అక్కడ చెమరుస్తూనే ఉన్నాయి. అమ్మ వంక చూశాను. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఏమ్మా, ఏడుపు రావట్లేదా?" అన్నాను నవ్వుతూ.

"మీ తాత నలభై ఏళ్లు చేశాడురా ఆ పని. ఆయన కోసం ఎవరేడ్చారు?" అంది.

రిమోట్ తీసి ఆపాను. ఆ రాత్రి సినిమా మళ్లీ మొదలుకాలేదు.

మా తాత ఊరి వెట్టి. చావు కబురు మోయడం, గుంట తవ్వడం, చితికి కట్టెలు పేర్చడం, శవం కాలేదాకా కాపలా ఉండటం ఆయన పని. ప్రతిఫలం కళ్లంలో కొలిచి పోసే గింజలు, శవం మీద కప్పిన గుడ్డ. ఈ పని ఒక క్షత్రియుడు కొన్నాళ్లు చేయాల్సి రావడమే హరిశ్చంద్ర కథలోని మహా విషాదం. ఆ పనిలో ఉన్న కష్టం చూసి ప్రేక్షకుడు ఏడవడు. ఆ పని చేయకూడనివాడు చేస్తున్నాడని ఏడుస్తాడు. పుట్టుకతో చేసేవాడి సంగతి కథకు పట్టదు. అతను ఆ చోట వెనక కనిపించే రావిచెట్టు లాంటివాడు.

ఇంకో సంగతి చూడండి. మార్కండేయ పురాణం ప్రకారం హరిశ్చంద్రుణ్ణి కొన్న చండాలుడు కూడా నిజం చండాలుడు కాడు. సాక్షాత్తూ ధర్ముడే ఆ వేషం కట్టాడు. అంటే ఆ శ్మశానంలో కాటికాపరి మారువేషంలో ఉన్న రాజు, యజమాని మారువేషంలో ఉన్న దేవుడు. మన పని ఉంది, మన చోటు ఉంది, మన మనిషి ఒక్కడూ లేడు.

ఈ మాట నాకు 50 ఏళ్లు వచ్చేదాకా తట్టలేదు. థియేటర్లో చూసినన్నాళ్లూ తట్టే అవకాశమూ లేదు. పక్కవాడు ఏడుస్తుంటే మనమూ ఏడుస్తాం, వెనకవాడు ఈల వేస్తే మనమూ వేస్తాం. ఇంట్లో అయితే ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, మూలన నిలబడ్డవాడు ఎవడో చూడొచ్చు. అన్నిటికీ మించి పక్కన అమ్మ ఉంటుంది.

"ఇంట్లో సినిమా" అన్నది మనవాళ్లకు ఎప్పుడు దొరికిందో కూడా చెప్పుకోవాలి. నా చిన్నప్పుడు ఇంట్లో సినిమా అంటే వేరేవాళ్ల ఇంట్లో సినిమా. 80ల నాటికి మా ఊళ్లో టీవీలు రెండే. రెండూ మోతుబరుల ఇళ్లలోనే. వారానికోసారి దూరదర్శన్‌లో తెలుగు సినిమా వేసేవాళ్లు. పల్లె పిల్లలం ప్రహరీ అవతల నిలబడి కిటికీలోంచి చూసేవాళ్లం. పొట్టివాళ్లని పొడుగువాళ్లు ఎత్తుకునేవాళ్లు. లోపలివాళ్లకి చిరాకేస్తే కిటికీ రెక్క మూసేవాళ్లు. బొమ్మ పోయి మాట మిగిలేది. మిగతా కథ గోడకి చెవి ఆనించి వినేవాళ్లం. ఎన్నో పాత సినిమాల రెండో సగాలు నేను చూడలేదు, విన్నాను.

తర్వాత క్రిస్మస్ రాత్రులొచ్చాయి. ఇంటికింత చందా వేసుకుని తెనాలి నుంచి కలర్ టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చి చర్చి ముందు బల్ల మీద పెట్టేవాళ్లం. తెల్లారేలోపు మూడు సినిమాలు. ఒకటి కొత్తది, రెండు పాతవి. ఆడవాళ్లు దుప్పట్లు కప్పుకుని ముందు వరసలో కూర్చునేవాళ్లు. నేల టికెట్టు, బెంచీ, కుర్చీ అన్న తేడాలు లేకుండా మేము సినిమా చూసిన మొదటి హాలు అది.

ఇక అసలు సంగతికి వస్తాను. అమ్మ ప్రశ్న పట్టుకుని పాత సినిమాలన్నీ మళ్లీ చూడటం మొదలుపెట్టాను. మొదట 'మాలపిల్ల'.

1938. సారథి ఫిలిమ్స్. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం, అంతకుముందు 'ప్రజామిత్ర' పత్రిక నడిపినవాడు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. కాంచనమాల సంపలత. గోవిందరాజుల సుబ్బారావు గుడి ధర్మకర్త సుందరరామయ్య. కల్యాణపురం అనే ఊళ్లో హరిజనులకు గుడిలోకి ప్రవేశం లేదు, చెరువు నీళ్లు ముట్టనివ్వరు. వాళ్లు పొలం పనులు మానేస్తారు. ధర్మకర్త కొడుకు నాగరాజు సంపలతను ప్రేమించి కలకత్తా తీసుకెళతాడు. చివరికి ధర్మకర్త భార్య మంటల్లో చిక్కుకుంటే ఒక హరిజన యువకుడు కాపాడతాడు. పెద్దాయన మనసు మారుతుంది, గుడి తలుపులు తెరుచుకుంటాయి.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. ఆ రోజుల్లో తెలుగు తెర నిండా పురాణాలే. అలాంటి కాలంలో 'మాల' అనే మాటను సినిమా పేరులో పెట్టి, గోడల మీద పెద్ద అక్షరాలతో అంటించారు. గ్రాంథికం వదిలి మనుషులు మాట్లాడుకునే తెలుగు మాట్లాడించారు. కూలీలు పని ఆపితే ఊరు ఆగిపోతుందని చూపించారు. చదువుకున్న సంపలత చేతుల్లేని జాకెట్టు వేసుకుని తలెత్తుకు నిలబడితే జనం నోళ్లు వెళ్లబెట్టారు. సినిమా బాగా ఆడింది కూడా. ఇవాళ్టికీ అంత ధైర్యం ఉన్న పేరు పెట్టి సినిమా తీసేవాళ్లు ఎంతమంది?

ఇప్పుడు అమ్మ ప్రశ్న అడుగుదాం. ఈ సినిమాలో ఎవరి కోసం ఏడుస్తాం?

సుందరరామయ్య కోసం. మారాల్సింది ఆయన మనసు. కథంతా ఆయన గుండె ఎప్పుడు కరుగుతుందా అన్నదాని చుట్టూ తిరుగుతుంది. మాలపల్లె ఆయనకు వచ్చిన పరీక్ష. గుడిలోకి, చెరువు దగ్గరికి వెళ్లడం పుట్టుకతోనే ఉన్న హక్కు. సినిమాలో మాత్రం మంటల్లో దూకి ధర్మకర్త భార్యను కాపాడాక దొరుకుతుంది. ప్రాణాలకు తెగించి మంచివాళ్లమని రుజువు చేసుకుంటే తప్ప తలుపు తెరుచుకోదు. కూలీలకు దారి చూపే పెద్దమనిషి చౌదరయ్య, గాంధేయవాది. ఆవేశపడేవాళ్లను ఆపేదీ ఆయనే.

అప్పటికి మనవాళ్లకు నాయకులు లేరా? సినిమాకు 21 ఏళ్ల ముందే, 1917 నవంబరులో, బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. "పంచములం కాదు, మేము ఆది ఆంధ్రులం" అని పేరు మార్చుకున్నది ఆ సభలోనే. అంటే మాకేం పేరుండాలో మేమే తేల్చుకున్నాం. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచి చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఎవరి మనసూ కరిగేదాకా ఆగలేదు, ఎవరినీ మంటల్లోంచి కాపాడలేదు. దోసిలి పట్టారు, తాగారు. 'కుల నిర్మూలన' 1936లో అచ్చయింది. రెండేళ్ల తర్వాత వచ్చిన మన సినిమాలో భాగ్యరెడ్డి వర్మ వంటి మనిషి లేడు, మహద్ వంటి అడుగు లేదు. పూనా ఒప్పందం తర్వాత గాంధీ గారు చేసిన హరిజన యాత్ర గాలి మాత్రం ఉంది.

సారథి వెనకున్న డబ్బు చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్‌ది. జమీందారు సొమ్ముతో గుడి తలుపు తెరవొచ్చు. భూమి సంగతో? మరుసటి ఏడు ఇదే రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశాడు. జమీందారీల మీద గొంతెత్తిన సినిమా అది. జమీందార్లు భగ్గుమన్నారు, కొన్నిచోట్ల ఆడకుండా నిషేధం పెట్టించారు. చూడండి, గుడి గురించి తీస్తే సంఘ సంస్కరణ, భూమి గురించి తీస్తే నిషేధం. అందులోనూ భూమి రైతుబిడ్డదే. ఆ భూమిలో వంగి నాటేసేవాళ్ల బిడ్డ గురించి మూడో సినిమా రాలేదు.

ఇంకొక్క మాట చెప్పి 'మాలపిల్ల' దగ్గర్నించి కదులుతాను. తెర మీద మాలపిల్ల కనబడితే తెలుగు జనం కాంచనమాల బొమ్మలు ఇంట్లో పెట్టుకున్నారు. దానికి కొన్నేళ్ల ముందే కేరళలో, తొలి మలయాళ మూకీ 'విగతకుమారన్'లో, పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ యువతి వేషం వేసింది. ఆమెను జనం తరిమికొట్టారు. ఆమె ఊరు విడిచి వెళ్లిపోవాల్సి వచ్చింది. మన వేషం వాళ్లు కడితే కళ. వాళ్ల వేషం మనం కడితే నేరం. భారతీయ సినిమా చరిత్రలో ఈ రెండు పేజీలూ ఎదురెదురుగా ఉన్నాయి.

ఆ తర్వాత ఏమైంది? నాకు తెలిసిన పెద్ద సినిమాల్లో 'మాల', 'మాదిగ' అన్న మాటలు పేరులోంచి పోయాయి. 'హరిజనుడు' వచ్చాడు. ఆ తర్వాత అతనూ పోయి 'పేదవాడు' మిగిలాడు.

1975లో దాసరి నారాయణరావు తీసిన 'బలిపీఠం' తీసుకోండి. మూలం రంగనాయకమ్మ నవల. శోభన్‌బాబు, శారద. చావుకు దగ్గరైన బ్రాహ్మణ విధవను పెళ్లాడిన హరిజన యువకుడి కథ. ఆమె బతుకుతుంది. బతికాక ఆమె లోపలున్న కులం కూడా బతికి లేస్తుంది. ప్రేమించి కట్టుకున్న ఇంట్లో, వంటింట్లో, పిల్లల పెంపకంలో కులం ఎలా కాటేస్తుందో చెప్పిన కథలు తెలుగులో తక్కువ. అందుకు ఈ సినిమా అంటే నాకు గౌరవం. అయినా ఆ మొగుడికి కథ ఇచ్చిన గొప్ప గుణం ఏమిటి? ఓర్పు. ఎంత ఓర్చుకుంటే అంత మంచివాడు.

1981లో 'సప్తపది'. కె. విశ్వనాథ్. జాతీయ సమైక్యత చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. పాటల కోసం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కె.వి. మహదేవన్ సంగీతం అలాంటిది. వేణువు ఊదే హరిజన యువకుడు హరిబాబు, అతన్ని మనసులో నిలుపుకున్న హేమ, ఆమెను కట్టుకున్న మేనబావ, తాతగారు యాజులు. చివరికి ఆమెను హరిబాబుకి అప్పగిస్తారు. జె.వి. సోమయాజులు ముఖం మీద ఆ పెనుగులాట చూస్తుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. మళ్లీ అదే ప్రశ్న. ఎవరి కోసం ఏడుస్తున్నాం? యాజులు గారి కోసం. ఎంత గొప్ప మనసు! ఇవ్వడం అంతా ఆ వైపు, తీసుకోవడం ఈ వైపు. హరిబాబు వాళ్లమ్మ ఈ పెళ్లి గురించి ఏమనుకుందో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. ఆమె కూడా ఒక తాతకు మనవరాలే కదా.

1987లో అదే విశ్వనాథ్ 'స్వయంకృషి' తీశారు. చిరంజీవి చెప్పులు కుట్టే సాంబయ్య. పెద్ద హీరో రోడ్డు పక్కన కూర్చుని ఆరె పట్టుకోవడం చిన్న విషయం కాదు. మా పక్క మాదిగపల్లెలో ఆ సినిమాని పండగలా చూశారు. కానీ ఆ పనికీ కులానికీ ఉన్న ముడి గురించి సినిమా పెద్దగా నోరు విప్పదు. కథంతా ఒక మనిషి కష్టం, ఒక మనిషి ఎదుగుదల. కష్టపడితే పైకొస్తాడని చెప్పడం తేలిక. వందల ఏళ్లుగా కష్టపడ్డవాళ్లు ఎందుకు పైకి రాలేదో చెప్పాలంటే కులం పేరెత్తాలి.

ఆ మధ్యలో బయట ఏం జరిగిందో చూడండి.

'మాలపిల్ల'లో చెరువు తగాదా తీరిపోయిన 47 ఏళ్లకు, 1985 జూలైలో, కారంచేడులో చెరువు దగ్గరే మొదలైంది. మాదిగలు తాగే నీళ్ల చెరువు గట్టున గేదెల కుడితి కడుగుతుంటే అడ్డుపడ్డారు. కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తింది. అంతే. జూలై 17న పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్లను చెరిచారు. మిగిలినవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. అక్కడ నుంచే దళిత మహాసభ పుట్టింది. అప్పుడు నాకు పదేళ్లు. సినిమాలో తెరుచుకున్న చెరువు బయట తెరుచుకోలేదని నాకు మొదట తెలిసింది అప్పుడే.

ఆరేళ్లకు చుండూరు. అది మొదలైంది ఎక్కడో గుర్తుందా మిత్రులారా? సినిమా హాల్లో. 1991 జూలైలో సినిమా చూస్తున్న ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. అందరం ఒకే చీకట్లో కూర్చుని, ఒకే తెర చూసి, ఒకే పాటకి ఈల వేస్తున్నామనుకుంటాం. కాలు తగిలేదాకానే ఆ మాట. సాంఘిక బహిష్కరణ పెట్టారు, పనులు మాన్పించారు. ఆగస్టు 6న పొలాల్లో వెంటాడి ఎనిమిది మందిని నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలోకి, డ్రెయిన్‌లోకి విసిరారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులుగా వదిలేసింది.

చుండూరు మాకు ఎంతో దూరం కాదు. ఆ తర్వాత చాలా నెలలు అమ్మ నన్ను సినిమాకి పోనివ్వలేదు. నాకు 16 ఏళ్లు. కొత్త సినిమా మొదటి ఆట చూడకపోతే నిద్రపట్టని వయసు. "డబ్బులిస్తాను, వీడియో తెచ్చుకుని ఇంట్లో చూడండిరా" అనేది. నేను పాత సినిమాలకు అలవాటుపడింది అప్పుడే. వీడియో షాపులో పాత క్యాసెట్లకు అద్దె తక్కువ. కొంతమందికి ఇంట్లో సినిమా చూడటం సుఖం. నాకది మా అమ్మ భయం నుంచి వచ్చిన అలవాటు.

చుండూరు దళితులు చనిపోయినవాళ్లను ఊరవతల కాటిలో పెట్టలేదు. ఊరి నడుమ పూడ్చి, దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. తరతరాలుగా ఊరి శవాల్ని కాచినవాళ్లు మొదటిసారి తమ శవాల కోసం ఊరు నడుమ నిలబడ్డారు. హరిశ్చంద్రుడి కథలో లేని కాటికాపరి వాళ్లే.

ఇంతా రాశాక, ఆ పాత సినిమాలు చూడొద్దని అంటానా? అనను. చూడండి. మీ పిల్లలకు చూపించండి. 'మాలపిల్ల' ధైర్యం చూపించండి, అది ఎక్కడ ఆగిపోయిందో కూడా చూపించండి. ఒక్క పని మాత్రం చేయండి. కన్నీళ్లొచ్చిన చోట ఆపి, అవి ఎవరి కోసం వచ్చాయో అడగండి. వీలైతే పక్కన మీ అమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టుకోండి.

నిన్న రాత్రి అమ్మ తనే అడిగింది, హరిశ్చంద్ర పెట్టమని. ఆశ్చర్యపోయాను. "మొన్న ఆపించావుగా" అన్నాను.

"సినిమా కాదురా. నాటకం. డి.వి. సుబ్బారావు కాటి సీను పెట్టు" అంది.

వెతికి పెట్టాను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం అది. కానీ కాటి సీనులో ఊళ్లకు ఊళ్లు కూర్చుని 'వన్స్ మోర్' కొట్టిన ఆ శ్మశాన పద్యాలు గుర్రం జాషువావి. నాటకంలోకి నటులు తెచ్చుకున్నవి. బతికినన్నాళ్లూ కులం పేరుతో అవమానాలు తిన్న కవి పద్యాలు లేకపోతే రాజుగారి దుఃఖానికి గొంతే లేదు. ఆయన్ని పంక్తిలో కూర్చోనివ్వని ఊళ్లే ఆయన పద్యాలకు తెల్లవార్లూ మేలుకున్నాయి.

అమ్మకి చదువు రాదు. ఆ పద్యాలన్నీ నోటికి వచ్చు. కళ్లు మూసుకుని పాడుకుంటూ పోయింది. ఈసారి ఏడ్చింది. ఎవరి కోసమని నేను అడగలేదు.

వచ్చే భాగంలో 'మాభూమి'. తెర మీద గద్దర్ పాట ఎత్తుకున్నప్పుడు మా పల్లెలో ఏం జరిగిందో చెబుతాను.

జై భీమ్.